తలకు డాప్లర్ స్కాన్: మీరు విన్నవి, మేం చూసేవి

కణత మీద చల్లటి జెల్ రాయగానే చాలామంది ఓరగా స్క్రీన్ వైపు చూస్తారు, మెదడు కనిపిస్తుందేమోనని. కనిపించదండీ. ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్, మా నోట్లో టీసీడీ, మామూలుగా చూపించేది గుండె కొట్టుకున్నప్పుడల్లా లేచి పడే అలల గ్రాఫ్. మెదడు ధమనుల్లో రక్తం ఎంత వేగంగా, ఎటు పోతోందో అది చెబుతుంది. అంతవరకే. ఈ 'అంతవరకే' బుర్రకెక్కకపోవడం వల్లే కింద రాసిన అపోహల్లో చాలావాటికి కాళ్లొచ్చాయి.

అపోహ: పుర్రె ఎముక దాటి అల్ట్రాసౌండ్ లోపలికి పోదు

డాక్టర్లు కూడా చాలాకాలం ఇలాగే అనుకున్నారు. 1982లో నార్వేకు చెందిన రూనె ఆస్లిడ్, తన సహచరులతో కలిసి, 2 మెగాహెర్ట్జ్ ప్రోబ్‌తో (చర్మానికి ఆనించి పట్టుకునే పరికరం) కణత దగ్గరి పల్చటి ఎముక గుండా మెదడు ధమనుల సిగ్నల్ పట్టి చూపించాడు. మెడ స్కాన్‌కి వాడే ప్రోబ్ ఫ్రీక్వెన్సీ ఇంతకంటే చాలా ఎక్కువ, దాన్ని ఎముక మింగేస్తుంది. ఇది తక్కువ కాబట్టి దాటగలుగుతోంది. కణతే కాకుండా కంటి మీదుగా, తల వెనక మెడ మొదలయ్యే చోట కూడా దారులున్నాయి, వాటిని విండోలు అంటాం. పసిపిల్లలకైతే మాడు పూడుకునేదాకా అదే పెద్ద కిటికీ.

అలాగని అందరికీ విండో దొరకదు. పది మందిలో ఒకరిద్దరికి, ముఖ్యంగా వయసు పైబడిన ఆడవాళ్లకి, కణత ఎముక అడ్డుపడి సిగ్నల్ రాదు. రిపోర్ట్‌లో 'విండో లేదు' అని రాస్తే, మెదడుకి రక్తం ఆడట్లేదనుకుని హడలిపోయినవాళ్లున్నారు! అది ఎముక సంగతి, రక్తం సంగతి కాదు.

అపోహ: రేడియేషన్ ఉంటుంది, పదేపదే చేయించుకోకూడదు

ఉండదు. ఇవి శబ్ద తరంగాలు, ఎక్స్‌రేలు కావు. అవసరమైతే రోజూ చేయొచ్చు, ఐసీయూలో చేస్తాం కూడా. కంటి మీద పెట్టేటప్పుడు మాత్రం పవర్ బాగా తగ్గించాలి. తగ్గించకుండా పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: వేగం ఎక్కువుంటే మెదడుకి రక్తం బాగా అందుతున్నట్టే

అన్నిటికంటే మొండి అపోహ ఇదే, పేషెంట్లకే కాదు, కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లకీ ఉంటుంది. నీళ్ల పైపు చివర బొటనవేలితో నొక్కిపట్టండి, నీళ్లు జోరుగా దూరం చిమ్ముతాయి, బకెట్ మాత్రం త్వరగా నిండదు. రక్తనాళం సన్నబడినా ఇంతే. మేం కొలిచేది వేగం, నాళం వెడల్పు ఈ పరీక్షకి తెలియదు, కాబట్టి ఎంత రక్తం పోతోందో నేరుగా చెప్పలేం.

పెద్దవాళ్లలో మధ్య మస్తిష్క ధమని, అంటే ఎంసీఏ, సగటు వేగం మామూలుగా సెకనుకి 40 నుంచి 80 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. అన్యూరిజం, అంటే ధమని గోడ బలహీనపడి బుడగలా ఉబ్బిన చోటు, పగిలి మెదడు చుట్టూ రక్తం చేరినవాళ్లకి తర్వాతి రోజుల్లో నాళాలు బిగుసుకుపోవచ్చు. అప్పుడు ఈ అంకె 120 దాటితే అనుమానిస్తాం, 200 దాటితే బిగింపు తీవ్రంగా ఉందంటాం. కానీ జ్వరం వచ్చినా, రక్తహీనత ఉన్నా వేగం పెరుగుతుంది కదా, మరి ఏది ఏదో ఎలా తెలియాలి? అందుకే మెడలోని ధమని వేగం కూడా తీసి, తలలోని వేగాన్ని దాంతో భాగిస్తాం. దాన్ని లిండెగార్డ్ నిష్పత్తి అంటారు. 3 లోపు వస్తే ప్రవాహమే పెరిగిందని, 3 దాటితే నాళం సన్నబడిందని, 6 దాటితే బిగింపు గట్టిగానే ఉందని లెక్క.

ఇంకోటి. టెన్షన్‌తో గబగబా ఊపిరి తీస్తుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, మెదడులోని చిన్న నాళాలు ముడుచుకుని, వేగం పడిపోతుంది. అందుకే వచ్చిన వెంటనే మొదలుపెట్టకుండా రెండు నిమిషాలు ఊరికే పడుకోమంటాను. బద్ధకమేం కాదు.

అపోహ: మెడ డాప్లర్ చేయించుకున్నాం, ఇది కూడా అదే

కాదు. అది మెడలోని కెరోటిడ్ ధమనులది, ఇది పుర్రె లోపలివాటిది. స్ట్రోక్ వచ్చినవాళ్లకి చాలాసార్లు రెండూ కావాలి.

అపోహ: మెషీన్ చూసుకుంటుంది, ఎవరు చేసినా ఒకటే

అబ్బో. నేర్చుకునే రోజుల్లో నేను మెదడు వెనక భాగానికి వెళ్లే ధమనిని ఎంసీఏ అనుకుని, వేగం తక్కువుందని రాసేశాను. మా సీనియర్ ప్రోబ్‌ని కొద్దిగా ముందుకి వంచి లోతు తగ్గిస్తూ వచ్చారు. ఎంసీఏ సిగ్నల్ 45 మిల్లీమీటర్ల దగ్గర కూడా వెంట వస్తూనే ఉంది. వెనక ధమనైతే 55 లోపు దొరకదు. సిగ్గుతో చచ్చాను గానీ ఆ తేడా మళ్లీ మర్చిపోలేదు. ధమని ఏదో తేల్చేది లోతు, ప్రవాహం దిశ, ప్రోబ్ వాలు, ఈ మూడూ చేతిలో ఉన్నవే.

అపోహ: ఇది పెద్ద వయసువాళ్ల పరీక్ష

సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే పుట్టుకతో వచ్చే జబ్బు, ఉన్న పిల్లల్ని అడగండి. 2 నుంచి 16 ఏళ్ల లోపువాళ్లలో వేగం సెకనుకి 200 సెంటీమీటర్లు, అంతకు పైన ఉంటే స్ట్రోక్ ముప్పు ఎక్కువ. అలాంటి పిల్లలకి క్రమం తప్పకుండా రక్తం ఎక్కిస్తే ఆ ముప్పు దాదాపు 90 శాతం తగ్గిందని 1998లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం చూపించింది. తలనొప్పికీ, మతిమరుపుకీ ఊరికే రాసే టీసీడీల కంటే ఇలాంటి ఒక్క స్కాన్ విలువ ఎక్కువని నా అభిప్రాయం. మెదడులో కణితి ఉందో లేదో కూడా ఇందులో తెలియదు, దానికి ఎంఆర్ఐ ఉంది.

అపోహ: బుడగల పరీక్షలో నరంలోకి గాలి ఎక్కించి ప్రాణం మీదికి తెస్తారు

గుండెలో సందు ఉందేమో టీసీడీతో కనిపెట్టే పరీక్ష ఇది. 9 మిల్లీలీటర్ల సెలైన్‌లో 1 మిల్లీలీటరు గాలిని రెండు సిరంజిల మధ్య అటూ ఇటూ తోసి, నురగలా చేసి చేతి నరంలోకి ఎక్కిస్తాం. ఆ చిన్న బుడగలు మామూలుగా ఊపిరితిత్తుల దగ్గరే ఆగిపోతాయి. గుండె పై గదుల మధ్య పుట్టుకతో ఉండే సందు మూసుకోకపోతే, పెద్దవాళ్లలో నలుగురిలో ఒకరికి అలాగే ఉండిపోతుంది, కొన్ని బుడగలు తలదాకా వెళ్లి స్పీకర్‌లో పిచ్చుక కూతల్లా కిచకిచమంటాయి. కాసేపు తల తిరగడం లాంటివి అరుదుగా ఉంటాయి, వాటంతటవే పోతాయి. మధ్యలో ఊపిరి బిగబట్టి ముక్కమని చెబుతాం, ఆ సందు తెరుచుకోవడానికే. అప్పుడు మొహమాటపడకుండా గట్టిగా ముక్కండి, సగం సగం ముక్కితే మళ్లీ మొదటి నుంచి చేయాలి.