అమ్మానాన్నల ఇల్లు, మన జీతం: వేరుగా ఉండాలనుకునేవాళ్ళు నమ్మే అపోహలు

తిరుపతి కొర్లగుంటలో చిన్న గది అద్దెకు తీసుకుని పన్ను రిటర్నులు, ఇంటి లెక్కలు చూసే పని నాది. మేము బాడుగ అంటాం కాబట్టి ఇక్కడి నుంచి బాడుగ అనే రాస్తాను. జూన్, జులై నెలల్లో ఫారం 16 (జీతం, దాని మీద కోసిన పన్ను చూపే కాగితం) పట్టుకుని వచ్చేవాళ్ళలో చాలామంది పాతికేళ్ళు దాటినవాళ్ళు, అమ్మానాన్నలతోనే ఉంటున్నవాళ్ళు. రేణిగుంట ఫ్యాక్టరీల్లో, కరకంబాడి వైపు, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళు, పొద్దున్నే శ్రీసిటీ పారిశ్రామికవాడ బస్సు ఎక్కేవాళ్ళు. పన్ను సంగతి పది నిమిషాల్లో తేలిపోతుంది. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించి, "వేరుగా ఉండాలంటే ఎంత ఉండాలి మేడమ్?" అని అడుగుతారు. ఆ మాటల్లో పదే పదే వినపడే కొన్ని నమ్మకాల గురించి ఇది.

అపోహ: ఇంట్లోనే ఉంటే జీతమంతా మిగులుతుంది.

మిగలాలి. కానీ నా బల్ల మీదికి వచ్చే బ్యాంకు స్టేట్‌మెంట్లలో అది కనిపించడం తక్కువ.

ఒక కుర్రాడి సంగతి చెబుతాను. ఎవరో తెలియకుండా వివరాలు కొంచెం మార్చాను. వయసు 29, చేతికొచ్చే జీతం 34,000. తల్లితో కలిసి వచ్చాడు. స్టేట్‌మెంటు ప్రింటు మీద ఈఎంఐలకు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టమన్నాను. బైకుకు 4,800, ఫోనుకు 3,200, పర్సనల్ లోనుకు 6,500, క్రెడిట్ కార్డులో కంతులు చేసుకున్న వాటికి 4,000. మొత్తం 18,500. మిగతాది పెట్రోలు, బయటి తిండి, స్నేహితుల పెళ్ళిళ్ళ చదివింపులు. 28వ తేదీన అకౌంట్లో మిగిలింది 1,140 రూపాయలు.

అంతసేపూ పక్కన కూర్చున్న తల్లి మాట్లాడలేదు. కరెంటుకు ఎంత వస్తుందని నేను అడిగితే పర్సు తెరిచి, నాలుగు మడతలు పెట్టిన బిల్లు తీసింది. ఏసీ వచ్చాక రెట్టింపయిందట. పాలు, బియ్యం, గ్యాస్, ఇంటర్నెట్టు ఒక్కొక్కటీ ఆమె చెబుతుంటే నేను రాశాను. అబ్బాయి వంతుకు నెలకు దాదాపు 7,500 తేలింది. ఆ డబ్బు తండ్రి పెన్షనులోంచి పోతోంది. "అడిగితే ఇస్తాను కదమ్మా" అన్నాడు అబ్బాయి. ఆమె అడగదు. మా వైపు ఏ తల్లీ అడగదు.

వాస్తవం ఏమిటంటే, అమ్మానాన్నల ఇంట్లో బాడుగ లేదంటే ఖర్చు లేదని కాదు, ఆ ఖర్చు ఇంకొకరి జేబులోంచి పోతోందని. ఆ అంకె కళ్ళకు కనపడకపోతే మన జీతం మనకు ఎక్కువగా కనిపిస్తుంది. అప్పుడు ఈఎంఐలు తేలిగ్గా ఒప్పుకుంటాం. వేరు కాపురం పెట్టలేకపోవడానికి జీతం చాలకపోవడం ఒక కారణం. ఆ ఈఎంఐలు ఇంకో కారణం, చాలామందిలో ఇదే పెద్దది.

అతనితో ఆ రోజే ఒక ఒప్పందం రాయించాను. జీతం పడిన మర్నాడు అమ్మ అకౌంటుకు 4,000, ఆర్డీకి (నెల నెలా కట్టే రికరింగ్ డిపాజిట్) 5,000. పర్సనల్ లోను తీరిన నెల నుంచి ఆ 6,500కి ఇంకో ఆర్డీ. ఒకరకంగా ఇది బాడుగ కట్టడానికి రిహార్సల్. బాడుగంత సొమ్ము ప్రతి నెలా పక్కన పెట్టి ఆరు నెలలు బతకగలిగితే బయట కూడా బతకగలరు. మూడో నెలలోనే ఆర్డీ ఆపేయాల్సి వస్తే, ఆ సంగతి ఇంట్లో ఉండగానే తెలియడం మంచిది కదా.

అపోహ: బాడుగ కట్టడం డబ్బు వృథా. వెళ్తే సొంతింటికే వెళ్ళాలి.

ఇది పెద్దవాళ్ళ నోటి నుంచి ఎక్కువగా వింటాను. సొంతిల్లు మంచిదే. కానీ 40 లక్షల ఫ్లాట్ అనుకుని లెక్క వేసి చూడండి. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉండే హౌసింగ్ లోనుకు, రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఇంటి విలువలో 80 శాతానికి మించి బ్యాంకు ఇవ్వకూడదు. అంటే 32 లక్షలు. 8 లక్షలు చేతిలో ఉండాలి. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, కలిపి 7.5 శాతం. అది ఇంకో 3 లక్షలు. వీటిని ఇంటి విలువలో కలిపి లోను ఇవ్వరు. కప్‌బోర్డులు, ఫ్యాన్లు, గృహప్రవేశం ఖర్చు కాకుండానే 11 లక్షలు కావాలి.

తర్వాత 32 లక్షలకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్ళకు ఈఎంఐ 27,800 దగ్గర పడుతుంది. 34,000 జీతం మీద ఆ లోను రాదు, వచ్చినా తీసుకోకూడదు. అదే ఫ్లాటు 12,000 బాడుగకు దొరికితే, ఆ 12,000 వృథా కాదు. 11 లక్షలు కూడబెట్టేదాకా బతకడానికి కట్టే ఖరీదు అది. ఇల్లు కొనేదాకా పెళ్ళి వద్దనుకుని, పెళ్ళయ్యేదాకా ఇల్లు కదలకూడదనుకుని 35 ఏళ్ళ దాకా ఆగిపోయినవాళ్ళను చూశాను. వాళ్ళ ముఖాలు గుర్తొచ్చినప్పుడల్లా ఈ మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

బాడుగ, ఈఎంఐలు కలిపి చేతికొచ్చే జీతంలో 40 శాతం దాటకూడదనేది నేను పాటించే కొలత. ఇది చట్టం కాదు. ఇన్నేళ్ళుగా లెక్కలు చూసిన అనుభవం.

అపోహ: లీజుకు దిగితే బాడుగ లేనట్టే.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఒకేసారి ఐదు లక్షలో ఆరు లక్షలో ఇంటి ఓనరుకు ఇచ్చి, రెండు మూడేళ్ళు బాడుగ లేకుండా ఉండి, పోయేటప్పుడు అసలు వెనక్కి తీసుకోవడం లీజు. పాతవాళ్ళు భోగ్యం అనేవాళ్ళు. కొత్తగా వేరు పడే జంటలకు ఇది చాలా ఆశగా కనిపిస్తుంది.

ఐదు లక్షలు మీ సొంతమైతే, డిపాజిట్టు మీద 7 శాతం వడ్డీ వదులుకున్నారనుకుంటే ఏడాదికి 35,000. నెలకు మూడు వేల లోపే. బాగానే ఉంది. అదే డబ్బు 14 శాతానికి అప్పు తెచ్చి ఇస్తే ఏడాదికి వడ్డీ 70,000. నెలకు 5,800 దాటింది. బాడుగ లేదనుకున్న ఇంటికి బాడుగ కడుతున్నట్టే, కాకపోతే ఓనరుకు బదులు అప్పిచ్చినవాడికి.

డబ్బు కంటే పెద్ద టెన్షన్ కాగితాలది. 100 రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుని నోటరీ చేయించుకుంటే సరిపోతుందనుకుంటారు. ఇచ్చిన అప్పుకు బదులుగా ఇంటిని అనుభవించడాన్ని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం తనఖాలో ఒక రకంగా చూస్తుంది. అసలు 100 రూపాయలు, ఆపైన ఉన్న ఇలాంటి తనఖాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇల్లు అంతకు ముందే బ్యాంకుకు తనఖాలో ఉండి ఓనరు కంతులు ఎగ్గొడితే బ్యాంకు హక్కే ముందు. మీ ఐదు లక్షల కోసం మీరు కోర్టు చుట్టూ తిరగాలి. అందుకే డబ్బు ఇవ్వకముందే సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుంచి ఈసీ (ఆస్తి మీద తనఖాలు, అమ్మకాలు చూపే కాగితం) తీయించండి. ఒరిజినల్ దస్తావేజులు చూపించమని మొహమాటపడకుండా అడగండి. జిరాక్సు మాత్రమే చూపిస్తే ఒరిజినల్స్ ఎక్కడున్నాయో తేలేదాకా చెయ్యి జేబులోంచి తీయకండి.

మామూలు బాడుగ అగ్రిమెంటు 11 నెలలకు ఎందుకు రాస్తారని కూడా అడుగుతుంటారు. 1908 నాటి కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన బాడుగ ఒప్పందానికి రిజిస్ట్రేషన్ చేయించాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికే 11 నెలల అలవాటు వచ్చింది. కానీ మన రాష్ట్రం 1999లో చేసిన సవరణతో ఏడాది లోపు ఒప్పందానికీ రిజిస్ట్రేషన్ చేయించాలి. అందులో అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగుకు ఎంత పట్టుకుంటారు, ఎండాకాలం ట్యాంకరు నీళ్ళ డబ్బు ఎవరిది అనే మూడూ రాయించుకోండి. గొడవలు వచ్చేది అక్కడే.

అపోహ: కన్నవాళ్ళకు బాడుగ ఇచ్చి హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇచ్చే ఇంటి బాడుగ భత్యం) మీద పన్ను మినహాయింపు చూపిస్తే దొంగ లెక్క.

ఇల్లు అమ్మ పేరనో నాన్న పేరనో ఉండి, మీరు నిజంగా నెల నెలా బ్యాంకు ద్వారా ఇస్తూ, వాళ్ళు దాన్ని తమ ఆదాయంలో చూపిస్తే దొంగ లెక్క కాదు. ఏడాది బాడుగ లక్ష దాటితే వాళ్ళ పాన్ నంబరు ఇవ్వాలి. వాళ్ళకు ఆ బాడుగలో 30 శాతం మినహాయింపు కూడా ఉంటుంది. డబ్బు కదలకుండా రసీదులు మాత్రం రాసుకుంటేనే తప్పు.

అయితే మీకు వచ్చే ఈ బాడుగ భత్యం మినహాయింపు పాత పన్ను విధానంలోనే. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో జీతగాళ్ళకు 12.75 లక్షల దాకా పన్ను పడదు. 34,000 జీతగాడికి ఈ రసీదుల అవసరమే లేదు. అమ్మకు ఇచ్చే డబ్బు పన్ను కోసం కాకుండా ఇంటి కోసమే ఇవ్వచ్చు.

అపోహ: ఎలాగూ ఈ ఇల్లు మగపిల్లాడికే. వేరే ఇంటికి ఖర్చెందుకు?

తల్లిదండ్రులు తమ సొంత సంపాదనతో కట్టుకున్న ఇల్లు వాళ్ళు బతికున్నంత కాలం వాళ్ళదే. ఎవరికి రాయాలో వాళ్ళ ఇష్టం. అలాంటి ఇంట్లో ఉండే హక్కు కొడుక్కి చట్టపరంగా లేదని, వాళ్ళ దయ మీదే ఉండగలడని ఢిల్లీ హైకోర్టు 2016లో స్పష్టంగా చెప్పింది. పిత్రార్జితంలో ఆడపిల్లలకు సమాన హక్కు దేశమంతా హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో వచ్చింది, మన రాష్ట్రంలో అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు అంతకు ఇరవై ఏళ్ళ ముందే వచ్చింది. అక్కచెల్లెళ్ళు అడగడం లేదంటే హక్కు లేదని కాదు.

పెద్దవాళ్ళు ఈ పేరా చదువుతుంటే మీకూ ఒక మాట. బిడ్డ దగ్గర ఉన్నాడు కదా అని ఇల్లు గిఫ్టు డీడు రాసేసే ముందు, మిమ్మల్ని చూసుకోవాలనే షరతు అందులో రాయించండి. అలా రాసి ఉండి వాళ్ళు చూసుకోకపోతే 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షను కింద ఆ డీడును రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను అడగచ్చు.

అపోహ: వేరు పడితే కన్నవాళ్ళను వదిలేసినట్టే.

పోషించే బాధ్యత ఒకే ఇంట్లో ఉంటేనే అని అదే 2007 చట్టంలో ఎక్కడా లేదు. ఎక్కడున్నా ఉంటుంది. ఎం.ఆర్.పల్లెలో అమ్మానాన్నలుండే వీధికి రెండు వీధుల అవతల పోర్షను తీసుకుని, రోజూ సాయంత్రం వచ్చి నాన్నకు ఇన్సులిన్ వేసి వెళ్ళే నర్సమ్మాయి నాకు తెలుసు. పెళ్ళి కాని ఆడపిల్ల వేరుగా ఉండటమేమిటని బంధువులు చాలా అన్నారు. నైట్ డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకోవడానికి ఆ పిల్లకు ఒక నిశ్శబ్దమైన గది కావాలి. అంతకు మించి కారణమేమీ లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

అపోహ: అడ్వాన్సు, మొదటి నెల బాడుగ చేతిలో ఉంటే చాలు.

మొదట చెప్పిన అబ్బాయి 14 నెలల తర్వాత మళ్ళీ వచ్చాడు, అమ్మతోనే. రెండు ఆర్డీలూ కలిపి లక్షా 15 వేలు దాటాయి. పేరూరు వైపు 7,500కు సింగిల్ బెడ్‌రూం చూసుకున్నాడు. కాగితం మీద లెక్క రాశాం. అడ్వాన్సు 30,000, మొదటి నెల 7,500, బ్రోకరుకు ఒక నెల 7,500, మంచం పరుపు 12,000, సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్ 7,000, మిక్సీ 3,500, గిన్నెలూ బకెట్లూ 4,000, స్టవ్వు 2,500, సామాను ఆటోకు 1,200. మొత్తం 75,200. బాడుగకు పదింతలు. గ్యాస్ కనెక్షనుకు అడ్రసు కాగితాలు కుదిరేదాకా, గుర్తింపు కార్డు చూపిస్తే దొరికే 5 కిలోల చిన్న సిలిండరు తీసుకోమన్నాను. మిగిలే 40 వేలు ముట్టుకోవద్దని, ఉద్యోగం ఊగినప్పుడు రెండు మూడు నెలలు నిలబెట్టేది అదేనని చెప్పాను.

తల్లి ఆ కాగితం తన వైపు తిప్పుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో వరుసా వేలితో చదివింది. నా చేతిలో పెన్ను తీసుకుని మిక్సీ కొట్టేసింది. గిన్నెల దగ్గర ఆగి, 4,000 కొట్టేసి 1,000 వేసింది. "అటక మీద మా పెళ్ళినాటి సామాను ఉంది, బకెట్లు మాత్రం కొనుక్కో" అంది.