ఇన్సులిన్ డోసు తగ్గిందని సంబరపడకండి, క్రియాటినిన్ చూపించుకోండి

విశాఖలో కిడ్నీ ఓపీలకు అనకాపల్లి, విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే షుగర్ పేషెంట్ల నోట పదే పదే వినిపించే మాట: "షుగర్ దానంతటదే దిగిందండి, ఇన్సులిన్ సగం చేసేశాను." పసరు మందు పనిచేసిందని ఇంటిల్లిపాదీ సంతోషం. ఇంతగా ముంచే అపోహ ఇంకొకటి లేదు.

ఒంట్లోకి ఎక్కించిన ఇన్సులిన్‌ని విరగ్గొట్టడంలో కిడ్నీలది పెద్ద వాటా. అవి దెబ్బతింటే అదే ఇన్సులిన్ రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది. కిడ్నీలు తయారుచేసే గ్లూకోజూ తగ్గుతుంది, ఆకలీ చస్తుంది. అందుకే 40 యూనిట్లు వేసుకునే మనిషికి 18 సరిపోతాయి. అదే ఫైల్లో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, రక్తంలో పెరిగితే కిడ్నీలు దెబ్బతిన్నట్టు) 2 నుంచి 5కి ఎక్కి ఉంటుంది. తెల్లవారుజామున చెమటలు పట్టి, చేతులు వణికితే అది నీరసం కాదు, లో షుగర్. రక్తం ఎక్కించుకున్నవాళ్లకీ రక్తం పెరగడానికి ఎరిత్రోపాయిటిన్ ఇంజెక్షన్లు వాడేవాళ్లకీ హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) కూడా ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది.

తిండి, బరువు మారకుండా డోసు తగ్గిందా? ఆ వారంలోనే క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత వడపోస్తున్నాయో చెప్పే అంకె), యూరిన్ అల్బుమిన్-క్రియాటినిన్ రేషియో (మూత్రంలో ప్రోటీన్ ఎంత పోతోందో చెప్పేది) చేయించండి. రేషియో 30 దాటితే కాళ్ల వాపు కోసం ఎదురుచూడకండి. "మాది ఉద్దానం నీళ్ల జబ్బండి" అనీ వదిలేయకండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఆ కిడ్నీ జబ్బు షుగర్ లేనివాళ్లకే ఎక్కువగా వస్తోంది. పదిహేనేళ్ల షుగర్, కంటి రెటీనా దెబ్బ ఉన్నవాళ్లు ముందు షుగర్‌నే అనుమానించాలి.

ఇంత తొందర దేనికంటే, టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని షుగర్) ఉండి కిడ్నీలు పోతున్నవాళ్లకు ఒకే బ్రెయిన్‌డెడ్ దాత నుంచి పాంక్రియాస్ (ఇన్సులిన్ తయారుచేసే గ్రంథి), కిడ్నీ కలిపి పెట్టే వీలుంది. 1966లో మిన్నెసోటాలో మొదలైన ఆపరేషన్ ఇది. రెండింటినీ కాళ్లకు వెళ్లే పెద్ద రక్తనాళాలకే కుడతారు. ఏళ్ల తరబడి డయాలసిస్‌లో ఉంటే ఆ నాళాలు సున్నం పట్టి గట్టిపడతాయి, కుట్టు నిలవదు, గుండే బలహీనపడుతుంది. ఈజీఎఫ్ఆర్ 30 కిందికి రాగానే మార్పిడి మాట ఎత్తండి. 20కి దిగేసరికి గుండె పరీక్షలు, నాళాల స్కాన్ అయిపోయి, అవయవాల కోసం ప్రభుత్వం నడిపే జీవన్‌దాన్‌లో పేరు నమోదు గురించి డాక్టరుగారితో తేల్చుకుని ఉండాలి. అత్యవసరమైతే తప్ప రక్తం ఎక్కించుకోకండి. దానివల్ల పరాయి అవయవాన్ని ఎదిరించే యాంటీబాడీలు పెరిగితే సరిపడే దాత దొరకడం కష్టం.

మిగతా భయాలు చిన్నవే. పాత పాంక్రియాస్‌ని తీసేయరు, జీర్ణరసాలకు అది కావాలి. కొత్తది సాధారణంగా పొత్తికడుపు కుడివైపు, కిడ్నీ ఎడమవైపు. షుగర్ ఉన్న అందరికీ ఇది చేయరు. టైప్ 2లో సన్నగా ఉన్న కొద్దిమందికే. ఇంట్లో ఎవరైనా కిడ్నీ ఇస్తానంటే ముందు అది పెట్టించుకుని, పాంక్రియాస్‌ని తర్వాత చూసుకోవచ్చు. మొదటి రోజుల్లో అసలు ప్రమాదం కొత్త పాంక్రియాస్ రక్తనాళంలో గడ్డ కట్టడం. షుగర్ ఉన్నట్టుండి ఎగిరితే వెంటనే స్కాన్ చేయాలి.

కొత్త పాంక్రియాస్ బాగా పనిచేస్తే ఇన్సులిన్ ఆగుతుంది, మందులు ఆగవు. కొత్త అవయవాలను ఒళ్లు తిప్పికొట్టకుండా ఆపే టాక్రోలిమస్ సాధారణంగా 12 గంటలకోసారి, జీవితాంతం. రక్తంలో ఆ మందు లెవల్ చూసే పరీక్ష రోజు రక్తం ఇచ్చాకే పొద్దుటి మాత్ర వేసుకోండి, లేకపోతే రిపోర్టు తప్పుతుంది. రిఫాంపిసిన్ ఉన్న టీబీ మందులు దాని లెవల్‌ని పడగొడతాయి, పంపరపనస పెంచేస్తుంది. వినాయక చవితికి పాలవెల్లికి కట్టిన పంపరపనసని ప్రసాదంగా కూడా ఒక్క తొన తినకండి.