వాసన లేదంటే గ్యాస్ లేదని కాదు

బెంగళూరులో అపార్ట్‌మెంట్ల ఎస్‌టీపీలు, అంటే మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంట్లు, చూసుకునే పని నాది. పోయిన వారం వైట్‌ఫీల్డ్ వైపు నుంచి ఒక సెక్రటరీ ఫోన్. "అన్నా, పంపులో గుడ్డ ఇరుక్కుంది. ఒక మనిషిని పంపు, రెండు నిమిషాల పని. వాసన కూడా లేదు." మనిషి మంచివాడే. ఈ మాట మాత్రం నెలకు నాలుగుసార్లు వింటున్నా.

అపోహ: వాసన లేకపోతే మురుగు ట్యాంకులోకి దిగొచ్చు.

వాస్తవం: మురుగులో పుట్టే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెం ఉన్నప్పుడే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు వంద పాళ్లు) దగ్గరకొస్తే ముక్కు మొద్దుబారుతుంది, ఇక ఏ వాసనా తెలీదు. బాగా ఎక్కువైతే రెండు మూడు ఊపిర్లకే మనిషి కూలిపోతాడు. గాలి కంటే బరువు కాబట్టి అడుగునే ఉంటుంది. కాలుపెట్టి స్లడ్జ్, అంటే అడుగున పేరుకున్న మురికి బురద, కదిపితే ఒక్కసారిగా లేస్తుంది. ఒకసారి ఖాళీ చేసిన ట్యాంకులోకి గ్యాస్ మీటర్‌ను తాడు కట్టి వదిలాను. మూత దగ్గర సున్నా. ఆరడుగులు దిగేసరికి కూత మొదలైంది. అంకె వందకు చేరి, ఆ పైన చూపలేక ఆగిపోయింది. పక్కనున్నాయన ముఖం పాలిపోయింది. "పోయినసారి ఒకబ్బాయి దిగాడు సార్" అన్నాడు.

ఒకడు పడగానే తీయబోయి ఇంకొకడు దిగుతాడు. ఇద్దరు ముగ్గురు కలిసి పోయేది అందుకే.

అగ్గిపుల్ల పరీక్ష వద్దు, మీథేన్ ఉంటే అంటుకుంటుంది. కర్చీఫ్, మాస్కు ఈ గ్యాస్‌ను ఆపవు. "వాడే ఒప్పుకుని దిగాడు" అన్నా చెల్లదు. రక్షణ సామగ్రి లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి, మురుగు కాలువలోకి దింపితే 2013 మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం కింద మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. మురుగు కాలువలో ప్రాణం పోతే 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది.

అపోహ: మురుగు లాగే మెషిన్ బండి వస్తే ట్యాంకులో దిగేవాళ్ల పొట్ట కొట్టినట్టే.

నాకు కోపం తెప్పించే మాట ఇది. ఇలా అనేవాళ్లెవరూ ట్యాంకులో దిగరు. దిగేవాళ్ల భయం వేరు: బండితోపాటు కొత్త మనుషులను తెచ్చి తమను పంపేస్తారేమోనని. ఆ భయం న్యాయమైనదే. ఈ ఊరి పౌరకార్మికుల్లో (పారిశుద్ధ్య కార్మికుల్లో) చాలామంది తెలుగు దళితులు. ఇన్నాళ్లూ మురికి వాళ్లకిచ్చి, ఇప్పుడు స్టీరింగు ఇంకొకరికిస్తే అది అన్యాయం. ఇలాంటి బండ్లు కొనుక్కోవడానికి కేంద్రం నమస్తే పథకంలో వాళ్లకే సబ్సిడీ ఉంది. ఆ అప్లికేషన్ నింపడానికి సాయం చేయండి.

మా దగ్గర పావగడ పెద్దాయన ఒకరున్నారు. పన్నెండేళ్లు ట్యాంకుల్లో దిగారు. అప్పట్లో టీ అంగడికి దూరంగా నిలబడి పేపర్ కప్పులో తాగేవారు. ఇప్పుడు సక్షన్ బండి ఆపరేటర్. లోపల బెంచీ మీద కూర్చుని గాజు గ్లాసులో తాగుతారు. పోయిన వారం ఆ గుడ్డ తీసింది ఆయనే. నీళ్లు లాగించి, పైనుంచే కొక్కెంతో. మూడు గంటలు పట్టింది.