ప్రైమరీ కీ: నేచురలా, సరోగేటా? అపోహలు - వాస్తవాలు

డేటాబేస్ టేబుల్‌లో ఒక్కో రోను (వరసను) విడిగా గుర్తుపట్టడానికి వాడేది ప్రైమరీ కీ. హాల్ టికెట్ నంబర్‌లా బయట ముందే ఉన్న వివరాన్ని వాడితే అది నేచురల్ కీ; కేవలం గుర్తింపు కోసం కొత్తగా పుట్టించిన నంబర్ అయితే సరోగేట్ కీ.

అపోహ: ప్రతి టేబుల్‌కూ ఆటో ఇంక్రిమెంట్ ఐడీ (డేటాబేస్ తనే పెంచుకుంటూ ఇచ్చే నంబర్) పెట్టేస్తే డూప్లికేట్లు రావు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. ఒకే విద్యార్థి వివరాలు ఒకే హాల్ టికెట్ నంబర్‌తో రెండుసార్లు ఎక్కితే, డేటాబేస్ ఒకదానికి 101, ఇంకోదానికి 102 ఇచ్చి ఊరుకుంటుంది. దాని లెక్కలో వాళ్లు ఇద్దరు మనుషులు. ఫీజు ఒక రోకి, మార్కులు ఇంకో రోకి చేరాక ఆ రెంటినీ కలపడం ఎంత యాతనో చేసినవాళ్లకే తెలుసు. సరోగేట్ కీ పెట్టుకోండి, తప్పులేదు. కానీ టేబుల్ తయారుచేసిన రోజే పరీక్ష, సంవత్సరం, హాల్ టికెట్ నంబర్ మూడూ కలిపి యూనిక్ కన్‌స్ట్రెయింట్ (అదే కలయిక రెండోసారి రాకూడదనే నియమం) పెట్టండి. ఆ కాలమ్‌లకు నాట్ నల్ (ఖాళీగా, అంటే నల్‌గా, వదలకూడదనే నియమం) కూడా ఉండాలి; లేకపోతే పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లు రెండూ మామూలుగా నల్ ఉన్న రోలను ఎన్నిసార్లైనా రానిస్తాయి. ‘అప్లికేషన్ కోడ్‌లో చెక్ చేస్తున్నాం కదా’ అంటారు. రెండు రిక్వెస్టులు ఒకేసారి వస్తే రెండింటికీ ‘ఇంకా లేదు’ అనే జవాబు వస్తుంది, రెండూ రాసేస్తాయి.

అపోహ: ప్రభుత్వం ఇచ్చిన కోడ్ మారదు, దాన్నే కీ చేసుకోవచ్చు.

వాస్తవం: తెలంగాణ బండ్లకు 2014 నుంచి టీఎస్, 2024 నుంచి టీజీ. రాష్ట్రం అదే, కోడ్ మారింది. టీఎస్‌ను కీగా పెట్టుకుంటే దాన్ని వాడే ప్రతి టేబుల్‌నూ మార్చాలి. సరోగేట్ కీ ఉంటే ఒక్క రో మారిస్తే సరిపోతుంది. పాత కోడ్‌ను ఇంకొకరికి ఇవ్వడం ఇంకా ప్రమాదం. చెకోస్లొవేకియాకు ఉన్న సీఎస్ అనే దేశ కోడ్‌నే 2003లో సెర్బియా-మాంటెనీగ్రోకు ఇచ్చారు.

అయితే జిల్లాల విభజన వేరే సంగతి. ఏపీలో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఏ కీ పెట్టినా అది తీరదు. ఏ మండలం ఎప్పటి నుంచి ఎప్పటి వరకు ఏ జిల్లాలో ఉందో తేదీలతో రాసుకోవాల్సిందే.

అపోహ: సరోగేట్ కీ ఎప్పుడూ తేలిక.

వాస్తవం: సరోగేట్ కీగా బిగ్‌ఇంట్ (పెద్ద పూర్ణాంకం) పెడితే 8 బైట్లు, యూయూఐడీ (ఎక్కడ పుట్టించినా ఇంకోదానితో కలవకుండా ఉండేలా చేసిన పొడవాటి ఐడీ) పెడితే 16. దాన్నే టెక్స్ట్‌గా దాస్తే 36 అక్షరాలు! మైఎస్‌క్యూఎల్ డేటా దాచే ఇంజిన్ ఇన్నోడీబీలో ప్రతి సెకండరీ ఇండెక్స్ (వేరే కాలమ్‌లతో త్వరగా వెతకడానికి పెట్టుకునే సూచిక) కూడా ప్రైమరీ కీని మోస్తుంది కాబట్టి ఆ బరువు అన్నిచోట్లా పడుతుంది.

అపోహ: లింక్ టేబుల్‌కూ (రెండు టేబుళ్లను కలిపేదానికీ) విడిగా ఐడీ ఉండాలి.

వాస్తవం: విద్యార్థి ఐడీ, సబ్జెక్టు ఐడీ కలిసిన కీ చాలు. ఆ రోను వేరే టేబుల్ ఫారిన్ కీతో (ఇంకో టేబుల్ కీని సూచించే కాలమ్‌తో) చూపించాల్సి వచ్చినప్పుడు ఐడీ గురించి ఆలోచించండి.