మొంథా అంటే పదమూడోది కాదర్రా

చిన్నూకి, బుజ్జికి మామ్మ ముద్దులు.

మొన్న వీడియో కాల్లో చిన్నూ ఒకటి అడిగాడు, నేనేమో నవ్వేసి ఊరుకున్నా, అప్పటికి రెండ్రోజులై కరెంటు లేదు, ఫోన్లో చార్జింగ్ ఐదు పర్సెంటుంది, మీ ముఖాలు చూస్తే చాలనుకున్నా. ఇప్పుడు తీరిక దొరికింది గాబట్టి రాస్తున్నా, మీ అమ్మ చదివి వినిపిస్తుంది. వాడడిగింది ఏంటంటే "మామ్మా, మొంథా పేరు ఎం తో కదా మొదలయ్యేది, అంటే ఈ ఏడాది మీకిది పదమూడో తుఫానా?" అని. ఒరేయ్ నాన్నా, ఒక్క ఏడాదిలో పదమూడొస్తే ఇంక కోనసీమ ఎక్కడుంటుందిరా!

వాడి తప్పేం లేదులే, హ్యూస్టన్‌లో లెక్క అలాగే ఉంటుంది. మీ వైపు సముద్రంలో పుట్టేవాటికి ఏడాదికి 21 పేర్లు ముందే రాసి పెట్టుకుంటారు, ఏ బి సి డి వరసలో (ఎం అందులో పదమూడోది), ఒకటి ఆడపిల్ల పేరైతే తర్వాతది మగపిల్లాడి పేరు. 2024లో మీ ఇంట్లో ఫ్రిజ్ లో పాలన్నీ పాడైపోయాయని మీ అమ్మ ఏడుపుమొహం పెట్టిందే, ఆ బెరిల్ బి తో మొదలైంది, ఎందుకంటే ఆ ఏడాది అది రెండోది, మొదటిది ఆల్బర్టో. ఇలాంటి లిస్టులు ఆరున్నాయి, ఏడో ఏడు మళ్ళీ మొదటి లిస్టుకొస్తారు. కానీ బాగా ప్రాణాలు తీసిన పేరుంటే దాన్ని తీసేస్తారు, కత్రినా అలాగే పోయింది, బెరిల్ కూడా పోయింది, 2030లో ఆ చోట బ్రియానా ఉంటుంది. 

మన బంగాళాఖాతానికి అలా కాదు. ఇక్కడా అక్షరాల వరసుంది గానీ అది తుఫాన్లకి కాదు, దేశాలకి! బంగ్లాదేశ్ నుంచి యెమెన్ దాకా 13 దేశాలు, ఇంగ్లీషు అక్షరాల వరసలో కూచుని తలా 13 పేర్లిచ్చాయి, మొత్తం 169. 2020లో వేసిన లిస్టు అది. పంక్తిలో వడ్డించినట్టే, ఒక్కో తుఫానుకి ఒక్కో దేశం వంతు. మొన్నటిది థాయిలాండ్ వంతు. మొంథా అంటే వాళ్ళ భాషలో మంచి వాసనొచ్చే పువ్వంట. ఆ పువ్వు నర్సాపురం దగ్గర తీరం దాటుతూ ఇక్కడ మన పెరట్లో అరటిచెట్లన్నీ ఒక్కటి మిగలకుండా పడుకోబెట్టి పోయింది, చక్కెరకేళి గెలలు ఇంకో పదిహేను రోజులాగితే కోతకొచ్చేవి.

పేరు పెట్టేది ఢిల్లీలో వాతావరణ శాఖ వాళ్ళు. ఊరికే మబ్బు పట్టగానే పెట్టరు, ముందు అల్పపీడనం, తర్వాత వాయుగుండం, అప్పటిదాకా పేరు లేని బిడ్డే, గాలి గంటకి 62 కిలోమీటర్లు అందుకుంటేనే తుఫాను అనిపించుకుంటుంది, అప్పుడే బారసాల. ఒకసారి వాడిన పేరు మళ్ళీ వాడరు. ఎనిమిది అక్షరాలు దాటకూడదు (ఇంగ్లీషు అక్షరాలు), పలకడానికి వీలుగా ఉండాలి, ఎవరి మనసూ నొప్పించకూడదు. పలకడం సంగతంటావా, 2023లో మయన్మార్ ఇచ్చిన పేరు ఒక పేపర్లో మిచాంగ్, ఇంకో పేపర్లో మిగ్‌జాం, మీ తాతయ్య ఏమో రెండూ కాకుండా "ఆ మీగడ తుఫాను" అనేవారు. నొప్పించడం అంటే, 2013లో మహాసేన్ అని శ్రీలంక పేరు పెడితే చెరువులు తవ్వించిన మా రాజు పేరు తుఫానుకేంటని అక్కడి జనమే గోల చేశారు, మార్చుకున్నారు.

అసలీ పేర్ల గొడవ మొదలెట్టినాయన ఆస్ట్రేలియాలో ఉండేవాడు, క్లెమెంట్ రాగ్ అని, వందేళ్ళ పైమాటే, తనకి గిట్టని రాజకీయ నాయకుల పేర్లు తుఫాన్లకి పెట్టేవాడంట! ఫలానావారు దిక్కూ తెన్నూ లేకుండా తిరుగుతున్నారు అని రాయొచ్చు కదా మరి. అమెరికావాళ్ళు 1953 నుంచి అన్నీ ఆడవాళ్ళ పేర్లే పెట్టారు, ఆడవాళ్ళు కొట్లాడితే గానీ మీ అట్లాంటిక్ వైపు 1979లో మగ పేర్లు కలపలేదు. మన ఇంట్లో గట్టిగా అరిచేది ఎవరో మీకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు.

బుజ్జి అడుగుతుంది నాకు తెలుసు, పేరు లేకపోతే ఏమవుతుంది మామ్మా అని. 2013 నవంబరు చెప్తా విను. సార్వా కోతలు, చేలో పనలు పరిచి ఉన్నాయి. 22న హెలెన్ వచ్చింది మచిలీపట్నం దగ్గర, తడిసినవి తడవగా మిగిలినవి ఎండబెట్టుకుంటున్నాం, ఇంతలో టీవీలో మళ్ళీ తుఫాను అన్నారు. మన పాలేరు "అది పోయింది కదండీ, పాత వార్త వేస్తన్నారు" అన్నాడు. కాదయ్యా అది హెలెన్, ఇది లెహర్ అంట, వేరేది అన్నాను. అప్పుడు పరుగెత్తి ఉన్నంతలో కుప్ప వేసి బరకాలు కప్పాం. ఆ లెహర్ తీరానికొచ్చేసరికి నీరసించిపోయింది, అది వేరే సంగతి. రెండింటికీ ఉత్తి తుఫాను అనే పేరుంటే వాడి మాటే నమ్మి ఇంట్లో కూచునేవాళ్ళం.

మన వైపు 2004 నుంచే పేర్లు, మొదటిది ఒనిల్. అందుకే నేను చూసిన పెద్దదానికి పేరు లేదు. 1996 నవంబరు 6, దీపావళికి నాలుగు రోజుల ముందు. మీ చిన్నత్త నెలల పిల్ల. మనది అప్పుడు పెంకుటిల్లు, సాయంత్రానికే పెంకులు ఒక్కోటీ లేచి పేకముక్కల్లా ఎగురుతున్నాయి, పిల్లని చీరలో చుట్టుకుని పక్కింటి డాబాలోకి పరుగెత్తాం, ఆ ఒక్క గదిలో ఇరవై మందిమి, ఒక ఆవుదూడ కూడా. రాత్రంతా బయట కొబ్బరిచెట్లు విరుగుతున్న చప్పుడే, ఫట్ ఫట్ మని. తెల్లారి చూస్తే తోటలో మొవ్వులు లేవు, ఒట్టి మానులు నిలబడి ఉన్నాయి. సముద్రం పక్క ఊళ్ళలో వేటకెళ్ళినవాళ్ళు చాలామంది తిరిగి రాలేదు. ఆ రాత్రి మొత్తం వెయ్యిమందికి పైగా పోయారు. దానికి మేం పెట్టుకున్న పేరు తొంభైయ్యారు గాలివాన, అంతే. ఇప్పటికీ ఊళ్ళో వయసులు దాంతోనే లెక్క, వీడు గాలివానకి ముందు, వాడు గాలివాన తర్వాత.

కిందటి సంక్రాంతికి బుజ్జి ఎక్కి కూచుని ఫోటో దిగింది చూడు, బోదె గట్టు మీద వంకర కొబ్బరిచెట్టు, ఆ రాత్రి సగం ఒరిగిపోయి వేళ్ళు పట్టుకుని బతికింది, తర్వాత మెల్లిగా తల పైకెత్తుకుని పెరిగింది. మొంథా వెళ్ళిన పొద్దున తలుపు తియ్యగానే ముందు అటే చూశా. ఉంది. నాలుగు కాయలు కూడా రాలకుండా ఉన్నాయి, అవి మీరొచ్చేదాకా దింపనివ్వను.

మామ్మ