ఒడిబియ్యం మోసుకెళ్ళే పురుగు

పాత మంచం కోడు కింద సన్నటి పొడి రాలుతుంటే పురుగు కలపను తినేస్తోందని అనుకుంటాం. మంచం విషయంలో అది నిజమే. యూవాలేసియా ఫోర్నికేటస్ అనే పెంకు పురుగు మాత్రం చెట్టును తొలుస్తుందే కానీ కలప తినదు. తొలిచిన పొట్టును వెనక్కి నెట్టి బయట పారేస్తుంది. లోపల సొరంగం గోడల మీద బూజు పెంచుతుంది. తల్లీ పిల్లలూ తినేది ఆ బూజునే.

ఇలా బూజు సాగు చేసే పురుగులను ఆంబ్రోసియా బీటిల్స్ అంటారు. 1836లో ష్మిడ్‌బెర్గర్ అనే ఆస్ట్రియా పండితుడు ఇలాంటి సొరంగాల్లో తెల్లటి పూత చూశాడు. అదేమిటో అంతుపట్టక గ్రీకు దేవతల ఆహారం పేరు పెట్టేశాడు. మన లెక్కలో అమృతమన్నమాట. అది శిలీంధ్రమని 1844లో తేలింది, పేరు మాత్రం ఉండిపోయింది.

ఆడపురుగు పొడవు సుమారు 2 మిల్లీమీటర్లు, నువ్వుగింజ కంటే చిన్నది. అది పెట్టే రంధ్రం మిల్లీమీటరు కూడా ఉండదు. పుట్టిన సొరంగం వదిలి ఎగిరిపోయేటప్పుడు దవడల దగ్గరున్న చిన్న సంచుల్లో శిలీంధ్ర బీజాలు నింపుకుంటుంది. ఆడపిల్ల పుట్టింటి నుంచి వెళ్తుంటే ఒడిబియ్యం పోస్తారే, అలాగ. కాకపోతే ఈమె పెళ్ళి పుట్టింట్లోనే, అదీ తోడబుట్టినవాడితోనే అయిపోయి ఉంటుంది. మగపురుగులు కొద్దిగానే పుడతాయి, ఎగరలేవు, చాలావరకు బతుకంతా ఆ చీకట్లోనే.

ఒకవేళ జత కుదరక వెళ్ళిపోయినా ఆగేదేం లేదు. ఈ జాతిలో ఫలదీకరణ జరగని గుడ్ల నుంచి మగపిల్లలు పుడతాయి. వాటిలో ఒకదానితో తల్లి జతకట్టి, తర్వాత కూతుళ్ళను కంటుంది. మన వరసలు వాటికి పట్టవు. అంటే ఒక్క ఆడపురుగు ఏ కట్టెలోనో కలప పెట్టెలోనో దాక్కుని సముద్రం దాటితే చాలు. విత్తనం, పొలం దున్నే పనిముట్టు, పుట్టబోయే సంతానం అన్నీ ఆ నువ్వుగింజలోనే ఉన్నాయి.

దాటింది కూడా. దీని సొంత ఊరు ఆసియా ఉష్ణమండలం. 1868లో దీన్ని శ్రీలంక నమూనాతో వర్ణించారు. అమెరికాలోని లాస్ ఏంజిలస్ ప్రాంతంలో 2003లో దొరికింది, కానీ 2012లో అవకాడో కొమ్మలు ఎండిపోయే దాకా ఎవరికీ టెన్షన్ పట్టలేదు. ఇజ్రాయెల్ అవకాడో తోటల్లో 2009లోనే బయటపడింది. 2017లో దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గ్ వృక్షోద్యానంలో, 2021లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో ఒక పెరటి చెట్టులో కనిపించింది. పెర్త్‌లో ఎన్నో చెట్లు కొట్టేసినా, పూర్తిగా నిర్మూలించడం కుదరదని 2025లో తేల్చేశారు.

ఆంబ్రోసియా పురుగుల్లో చాలావరకు చచ్చిన చెట్లను, నీరసించిన చెట్లను వెతుక్కుంటాయి. ఇది నిక్షేపంలాంటి చెట్టు మీదా వాలుతుంది. వాలే చెట్ల జాతులు నాలుగు వందలకు పైనే, అయితే అన్నిట్లోనూ పిల్లలు పెరగవు. చెట్టుకు అసలు దెబ్బ సొరంగాల కంటే బూజు వల్ల ఎక్కువ. ఫ్యూసేరియం యూవాలేసియే అనే ఈ శిలీంధ్రం నీటిని మోసే గొట్టాల్లోకి పాకి దారి మూసేస్తుంది. కింద తడి ఉన్నా పైన కొమ్మ ఎండుతుంది. అవకాడో అయితే రంధ్రం చుట్టూ చక్కెరలాంటి తెల్లటి పొడి పేరుకుంటుంది. అది నిజంగానే చెట్టు వదిలిన చక్కెర.

మందు కొట్టొచ్చు కదా అంటే, పురుగు బెరడు వెనక భద్రంగా ఉంది. కలప తినదు కాబట్టి చెట్టుకు ఎక్కించిన మందు దాని నోట్లోకి పోయేదీ తక్కువే. అందుకే చాలాచోట్ల కొట్టేసిన కలపను 2.5 సెంటీమీటర్ల లోపు ముక్కలు చేసి, ప్లాస్టిక్ పట్టా కింద ఎండకు ఉడకబెడతారు. వంటచెరుకు ఊరు దాటించొద్దంటారు.

టీ కొమ్మలు తొలిచే పురుగునూ చాలాకాలం ఇదే పేరుతో పిలిచారు. చూడటానికి ఒకేలా ఉన్నా డీఎన్ఏ కలవలేదు. 2019 నాటికి ఆ ఒక్క పేరు కింద నాలుగు జాతులున్నాయని తేలింది.

ఈ పురుగుకు ఆశ్రయమిచ్చే మొక్కల్లో మనకు బాగా తెలిసినది ఆముదం. మనకది పంట, కాలిఫోర్నియా వాగుల పక్కన కలుపు. దాని కాండంలో ఈ పురుగు పిల్లలు చక్కగా పెరుగుతాయి, కాబట్టి అవకాడో రైతులకు అక్కడ తోట పక్కన ఆముదం మొక్క కనిపిస్తే పీకేయమని చెబుతారు.