స్టేషన్ మీద టవర్ డిజైన్: తల కాదప్పా, కాళ్ళు చూడండి (అపోహలు - వాస్తవాలు)

నేను అనంతపురంలో ఆర్కిటెక్ట్‌ని, ప్రాక్టీసు పెట్టి ఇరవై ఏండ్లు దాటింది. కట్టించేదంతా జి ప్లస్ టూ ఇండ్లు, కల్యాణ మండపాలు, రెండు మూడు నర్సింగ్ హోములు. ఆకాశహర్మ్యం ఒక్కటి కూడా కట్టలేదని ముందే ఒప్పుకుంటున్నా, మళ్ళీ ఎవురూ అడగబల్లేదు. కానీ ఏటా ఆర్కిటెక్చర్ పిల్లోళ్ళ థీసిస్ జ్యూరీకి పిలుస్తారు, పోతుంటా, అక్కడ మూడు నాలుగేండ్ల నుంచి ఒకటే మోజు, రైల్వే స్టేషన్ మీద టవర్ పెట్టడం. ఈసారి ఒక పిల్లోడు కడప స్టేషన్ మీద నలభై రెండు అంతస్తులు లేపినాడు. సాయంత్రం వెలుగు, వెనక కొండలు, గాజు మీద మబ్బులు, రెండర్ (కంప్యూటర్ బొమ్మ) చూస్తే నాక్కూడా కాసేపు మతి పోయింది. హాల్లో అందరూ చప్పట్లు కొట్టినారు. నేను మెల్లగా "నాయనా, ప్లాట్‌ఫాం దగ్గర అడ్డంగా కోసి సెక్షన్ చూపియ్యి" అన్నా. సెక్షన్ అంటే బిల్డింగును పైనుంచి కిందికి కోస్తే లోపల కనిపించే బొమ్మ, అది లేదు. గ్రౌండ్ ప్లాన్ తెరిపిస్తే ఒక పిల్లర్ సరిగ్గా రెండో లైను పట్టాల నడుమ దిగుతా ఉండాది.

పిల్లోడిది తప్పని అనను, మన దగ్గర పెద్దోళ్ళు కూడా బిల్డింగు ఫోటో వాట్సాప్‌లో చూసి అబ్బ ఏముందప్పా అనేస్తారు. అందుకే జ్యూరీల్లో, టీ కొట్టు కాడ నేను మళ్ళీ మళ్ళీ వినే మాటలు కొన్ని తీసుకుని రాస్తున్నా.

అపోహ: ఎలివేషన్ (బిల్డింగు బయటి ముఖం) అదిరిపోతే డిజైన్ బాగున్నట్టే.

వాస్తవం: రెండర్‌లో కెమెరా యాడ పెట్టినారో ముందు చూడండి. నూటికి తొంబై సార్లు అది గాల్లో ఉంటుంది, పక్షి చూసినట్టు. టికెట్ తీసుకుని, ఒక చేతిలో సంచి ఇంకో చేతిలో పసిబిడ్డతో వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ కోసం పరిగెత్తే ఆయమ్మకు కనిపించేది టవర్ తల కాదు, దాని కాళ్ళు, అడ్డమొచ్చే గోడలు, నెత్తిమీద స్లాబు. నేనైతే స్టేషన్ మీద బిల్డింగుకు మార్కులు వేసేటప్పుడు కింది నుంచి పైకి పోతా. మొదట ప్లాట్‌ఫాం, తర్వాత మెట్లు, లిఫ్టులు, ఆ తర్వాత టవర్, చిట్టచివర ఎలివేషన్. చాలా ప్రాజెక్టులు మెట్ల కాడనే ఫెయిలైపోతాయి, పైదాకా పోయే పనే ఉండదు.

అపోహ: పట్టాల మీద ఖాళీయే కదా, సందు చూసి పిల్లర్ దించితే సరిపోతుంది.

ఇది అన్నిటికంటే పెద్దది కాబట్టి కాస్త ఎక్కువ రాస్తా, ఓపిక పట్టండి. మన రైల్వేలో కొత్త పనులకు ఒక ట్రాక్ సెంటర్ నుంచి పక్క ట్రాక్ సెంటర్‌కు 5.3 మీటర్లు ఉండాల. ఇప్పటి ఎల్‌హెచ్‌బి రకం రైలు పెట్టె వెడల్పే 3.24 మీటర్లు. అంటే రెండు బండ్లు పక్కపక్కన నిలబడితే నడుమ మిగిలేది రెండు మీటర్ల చిల్లర, అందులో రెండు పక్కలా క్లియరెన్స్ వదిలితే ఇంకేం మిగిలింది? నలభై అంతస్తులు మోసే పిల్లర్ అడుగున మీటరున్నర, రెండు మీటర్లు లావు ఊరికే వస్తుంది. పైగా బండి పట్టాలు తప్పి వచ్చి గుద్దినా తట్టుకునేట్టు డిజైన్ చేయాల, కాబట్టి ఇంకా లావు. నెత్తిన 25 వేల వోల్టుల కరెంటు తీగ. సందు యాడుందప్పా?

సందు దొరకని చోట పై పిల్లర్ల బరువును పెద్ద పెద్ద గర్డర్ల మీదికి ఎత్తి, పక్కన దొరికిన చోట దించాల, దీన్నే ట్రాన్స్‌ఫర్ స్ట్రక్చర్ అంటాం. లేపాక్షి పోయిన ప్రతి ఒక్కరూ వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి ఇంతలేసి కండ్లు చేసుకుని చూస్తారు కదా, మరి అది మోయని బరువు పక్క స్తంభాలు మోస్తుండాయనే ఆలోచన ఎవురికీ రాదు. ఇక్కడ కూడా అంతే, ఒక పిల్లర్ ఎత్తేస్తే దాని బరువు మాయమైపోదు, పక్కోడి నెత్తిన పడుతుంది, ఆ పక్కోడికి ఖర్చు కూడా పడుతుంది.

దీన్ని దాచకుండా చేసిన బిల్డింగు చూడాలంటే లండన్‌లో ఎక్స్‌చేంజ్ హౌస్ అని ఉండాది, 1990లో అయింది, ఎస్‌ఓఎం అనే ఆర్కిటెక్టుల కంపెనీ డిజైన్. లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్‌లోకి వచ్చే పట్టాల మీద కట్టినారు, మధ్యలో పిల్లర్ దించే వీలు లేక బిల్డింగు మొత్తాన్ని వంతెన మాదిరి కమాన్ల మీద నిలబెట్టినారు, ఈ కాలు నుంచి ఆ కాలికి 78 మీటర్లు. కమాను బయటికే కనిపిస్తుంది, ఈ బిల్డింగు ఇట్లా ఏంటికుందో వీధిలో పోయేవాడికి కూడా అర్థమైతుంది. పది అంతస్తులే, రికార్డులేం లేవు, నాకు మాత్రం అది చానా పెద్ద టవర్ల కంటే నచ్చుతుంది. న్యూయార్క్‌లో గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ నెత్తిన 1963లో కట్టిన పాన్ ఆమ్ బిల్డింగు, ఇప్పుడు మెట్‌లైఫ్ అంటారు, 59 అంతస్తులు, కింద రెండు లెవెళ్ళలో రైళ్ళు. దాని పిల్లర్లు ఆ పట్టాల సందుల్లోంచే దించినారు. ఇంజనీరింగ్‌గా దండం పెట్టొచ్చు. చూడ్డానికి మాత్రం పార్క్ అవెన్యూకు అడ్డంగా గోడ కట్టినట్టుందని అప్పటి నుంచి ఇప్పటిదాకా జనం తిడుతూనే ఉండారు, డిజైన్‌లో చెయ్యి పెట్టింది వాల్టర్ గ్రోపియస్ అంత పేరున్న ఆర్కిటెక్ట్ అయినా సరే.

పిల్లర్లు అయినాక కోర్ అడగండి. లిఫ్టులు, ఫైర్ మెట్లు, పైపులు అన్నీ పోయే ఆ కాంక్రీటు డబ్బా ఎట్లైనా నేల దాకా రావాల్సిందే, దాన్ని గర్డర్ మీద ఆపితే లిఫ్ట్ యాడికి దిగుతుంది? పిల్లోడి డిజైన్‌లో కోర్ వచ్చి టికెట్ కౌంటర్ల హాలు నడుమ కూచుంది. ఇంకో మాట, పైన నిప్పు అంటుకుంటే ఫైర్ మెట్ల మీద నుంచి వేల మంది దిగి వచ్చేది యాడికి, స్టేషన్ జనంలోకేనా? రెండు గుంపులు ఎదురెదురు పడే ప్లాన్ అయితే నేను మార్కులు వేయను, మొహమాటమే లేదు.

అపోహ: రైళ్ళ అదురుకు పైన బిల్డింగు బీటలు వారుతుంది.

ఇది మా అమ్మ కూడా అంటుంది. అదురు వల్ల కూలేది ఏమీ ఉండదు, అసలు ఇబ్బంది నిద్ర పట్టకపోవడం, గ్లాసులో నీళ్ళు వణకడం. దానికి మందు ఎప్పుడో దొరికింది, లండన్‌లో సెయింట్ జేమ్స్ పార్క్ ట్యూబ్ (భూగర్భ రైలు) స్టేషన్ మీద 1966లో ఆల్బనీ కోర్ట్ అనే అపార్ట్‌మెంటును రబ్బరు బేరింగ్‌ల మీద నిలబెట్టినారు. అరవై ఏండ్ల కింది సంగతి.

అపోహ: గాలి ఎవురిదీ కాదు, పైన కడితే రైల్వేకు లాభమే కదా.

మన దగ్గర రోడ్డు వెడల్పులో జాగా పోయినోళ్ళకు టీడీఆర్ బాండ్లు ఇస్తారు కదా, ఇక్కడ కట్టుకోలేని అంతస్తుల హక్కును ఇంకోచోట వాడుకోమని. స్టేషన్ మీది గాలి కథ కూడా అదే. 1968లో గ్రాండ్ సెంట్రల్ మీద ఇంకో టవర్ వేద్దామని మార్సెల్ బ్రాయర్ అనే ఆర్కిటెక్టుతో డిజైన్ చేయించినారు, 50 అంతస్తుల పైమాటే. పాత కట్టడాలను కాపాడే సిటీ ల్యాండ్‌మార్క్ కమిషన్ కుదరదనింది. రైల్వే కంపెనీ పెన్ సెంట్రల్ కోర్టుకెక్కింది, మా గాలి మాకు లేకుండా చేస్తారా అని. 1978లో అమెరికా సుప్రీంకోర్టు 6-3తో సిటీ పక్షమే చెప్పింది, ఆ వాడని హక్కులు పక్క స్థలాలకు అమ్ముకునే దారి ఉందనేది కూడా తీర్పులో ఒక పాయింట్. తర్వాత 2020లో స్టేషన్ పక్కనే 427 మీటర్ల వన్ వాండర్‌బిల్ట్ టవర్ లేచింది, అంత ఎత్తు కట్టుకోనిచ్చినందుకు బదులుగా కింద స్టేషన్ దారులు, మెట్లు బాగు చేయడానికి దాదాపు 220 మిలియన్ డాలర్ల పనులు వాళ్ళే చేసిచ్చినారు. చూడండి, టవర్ స్టేషన్ నెత్తిన కాకుండా పక్కన పడింది, స్టేషన్‌కు మెట్లు వచ్చినాయి. డిజైన్ జడ్జి చేసేటప్పుడు నేను అడిగే ప్రశ్న ఇదే, పైనోడు కిందోడికి ఏమిచ్చినాడు అని. ఏసీ ఫుడ్ కోర్టు ఇచ్చినా అంటే నేను లెక్కలో రాసుకోను.

ఇవ్వకపోతే ఏమైతుందో కూడా అదే ఊర్లో చూడొచ్చు. పెన్ స్టేషన్ అని రాతి స్తంభాలతో మహా కట్టడం, 1963లో పడగొట్టడం మొదలుపెట్టి, నెత్తిన స్టేడియం, ఆఫీసు టవర్ వేసి స్టేషన్‌ను నేలమాళిగలోకి తోసేసినారు. రైళ్ళు ఒక్కరోజు కూడా ఆగలేదు, అదొక గొప్ప. కానీ జనానికి ఆకాశం పోయింది. ఆ కోపంలోంచే 1965లో న్యూయార్క్ ల్యాండ్‌మార్క్ చట్టం వచ్చింది.

అపోహ: పాత ముఖం అట్లే ఉంచినారు కదా, హెరిటేజ్ కాపాడినట్టే.

పాత స్టేషన్ అంటే ముందరి గోడ ఒక్కటేనా? పైకప్పులోంచి పడే వెలుతురు, లోపలికి అడుగుపెట్టగానే తెలిసే ఎత్తు, అవి పోతే మిగిలింది పెళ్ళి మండపం ముందర కట్టే సెట్టింగే. లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్ మీద టవర్ గురించి లండన్‌లో గొడవ నడిచింది కూడా దీని మీదనే. మొదట హెర్జోగ్ అండ్ డి మ్యూరాన్ అనే ఆర్కిటెక్టుల ప్లాన్ పెట్టినారు, పాత హోటల్ నెత్తిన కూడా కట్టడమేందని అభ్యంతరాలు వెల్లువెత్తినాయి, తర్వాత ఆక్మే అనే ఇంకో ఆర్కిటెక్టుల చేత కొత్త డిజైన్ చేయించినారు. ఇందులో తమాషా ఏందంటే, 1874లో తెరిచిన ఆ స్టేషన్‌లో జనం పాతదని ముచ్చటపడే కప్పులో కొంత భాగం 1991లో ముగిసిన రిపేర్లలో పాత పద్ధతినే కొనసాగించి కట్టింది. అది పాతదా, కొత్తదా? నా మటుకు నాకు, ఆ హాలులో వెలుతురు బాగుంటే వయసు అడగను. ఈ విషయంలో నాతో పోట్లాడే ఫ్రెండ్స్ ఉండారు, పోట్లాడనీ.

అపోహ: మంచి డిజైన్ ఏ ఊర్లోనైనా మంచిదే.

లండన్‌లో టవర్ నీడ పడుతుందని కేసులేసుకుంటారు. మే నెలలో అనంతపురం ప్లాట్‌ఫాం మీద నీడ పడితే దండం పెడతాం. కానీ గాజు టవర్ అయితే నీడ ఒక పక్కే, ఇంకో పక్క ఎండను తిప్పి కొడుతుంది. లండన్‌లో వాకీ టాకీ అనే బిల్డింగు గాజు లోపలికి వంగి ఉండడంతో 2013లో కింద ఆపిన జాగ్వార్ కారు భాగాలు ఎండకు కరిగిపోయినాయి, అది లండన్ ఎండ! అదే మన ఎండకైతే ప్లాట్‌ఫాం మీద పరిచిన నల్ల కడప బండ మీద కాలు పెట్టగలమా? గాలి సంగతి ఇంకొకటి, పైన గోడను కొట్టిన గాలి కిందికి జారి మెట్ల దగ్గర మనిషిని తోస్తుంది. అందుకనే లండన్ సిటీ వాళ్ళు ఎత్తు బిల్డింగులకు గాలి లెక్కలు ఎట్లా చేయాలో 2019లో రూల్స్ పెట్టినారు. కర్నూలులో అయితే నేను ఇంకోటి అడుగుతా, బేస్‌మెంట్ ఎన్ని మీటర్లు తవ్వుతున్నావు నాయనా అని. 2009 అక్టోబర్ తుంగభద్ర వరద చూసినోళ్ళకు ఆ ప్రశ్న ఏంటికో చెప్పే పన్లేదు.

అపోహ: మన దేశంలో ఇవన్నీ కలలు.

నవీ ముంబైలో వాషి స్టేషన్ మీద ఎప్పుడో ఆఫీసులు కట్టినారు, సీవుడ్స్‌లో స్టేషన్ మీదనే మాల్ ఉంది, గాంధీనగర్‌లో 2021లో స్టేషన్ నెత్తిన 318 గదుల హోటల్ తెరిచినారు. కాబట్టి కలేం కాదు. అయితే కడపకు నలభై రెండు అంతస్తులు కావాల్నా అంటే, టవర్లు లేచేది నేల ధర ఆకాశానికి అంటిన చోట, హాంకాంగ్‌లో కౌలూన్ స్టేషన్ మీద 484 మీటర్ల ఐసీసీ అనే టవర్ లేచిందంటే అక్కడ ఇంకో దారి లేక. మనకు స్టేషన్ బయట ఆటోస్టాండు పక్కనే బోలెడు ఖాళీ ఉంది, అందులో మూడంతస్తులు కట్టి, స్టేషన్ మీద ఎండ పడకుండా మంచి కప్పు వేస్తే చాలని జ్యూరీలో చెప్పినా. పక్కనున్న పెద్దాయన "ఏం సార్, పిల్లోళ్ళ కలలకు కళ్ళెం వేస్తారు" అన్నాడు. కళ్ళెం కాదు సార్, సెక్షన్ అడిగినా అంతే అన్నా.

పోయిన వారం ఆ పిల్లోడు ఫోన్ చేసినాడు. పద్నాలుగు అంతస్తులకు తగ్గించి, టవర్‌ను పట్టాల మీద నుంచి పక్కకు జరిపి, ఈసారి సెక్షన్ గీసి పంపినాడు. గర్డర్లు కనిపిస్తుండాయి, కోర్ టికెట్ హాలును వదిలిపెట్టింది, బాగుంది. ఒక్కటి అడిగినా, పార్సిల్ బండ్లు తోసుకుపోయే ర్యాంపు యాడుంది అని. "అయ్యో సార్" అన్నాడు.